ఒక రాబడి, రెండు దేశాలు: పన్నుల న్యాయశాస్త్రంలో అధ్యాపక వృత్తి

మీలో కొందరికి బళ్లారిలో ఇల్లు, ఆలూరు తాలూకాలో పొలం ఉంటాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇల్లు ఇటూ, పొలం అటూ అయ్యాయి. అయినా శిస్తు ఎక్కడ కట్టాలన్న సందేహం మన పెద్దలకు రాలేదు. భూమి ఎక్కడుంటే అక్కడే.

దేశాల మధ్య కూడా స్థిరాస్తి విషయంలో ఇదే సూత్రం. చిక్కంతా కాళ్లున్న రాబడితోనే. జీతం, వడ్డీ, కంపెనీ వాటాల అమ్మకం, ఇవి సరిహద్దులు దాటిపోతాయి. సంపాదించిన దేశం ఒకటి, నివాసమున్న దేశం ఒకటి, రెండూ పన్ను అడిగితే ఏం కావాలి? అందుకే దేశాలు ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందాలు చేసుకుంటాయి. అమెరికాతో మన ఒప్పందం 1989లో కుదిరింది. అందులోని 22వ అధికరణం మా ఉపాధ్యాయ వర్గం గురించే సుమండీ! అక్కడి విశ్వవిద్యాలయంలో బోధించడానికి వెళ్లినవారి జీతంపై, షరతులకు లోబడి, రెండేళ్ల దాకా ఆ దేశం పన్ను వేయదు.

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ పేరు మీరు వినే ఉంటారు. హెపటైటిస్-బి టీకా తయారుచేసిన సంస్థ. దానిలో అధిక వాటా షాన్‌హెచ్ అనే ఫ్రెంచి కంపెనీ చేతికి వెళ్లింది. 2009లో ఆ షాన్‌హెచ్ వాటాలను మరో ఫ్రెంచి సంస్థ సనోఫీ కొన్నది. అమ్మినవారూ కొన్నవారూ ఫ్రాన్సువారే, కాని అసలు ఆస్తి హైదరాబాదులో ఉంది. మన ఆదాయపు పన్ను శాఖ పన్ను అడిగింది. 2012లో పార్లమెంటు పాత లావాదేవీలకు కూడా వర్తించేలా చట్టాన్ని సవరించింది. అయినా 2013 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ గోడా రఘురాం, జస్టిస్ ఎం.ఎస్. రామచంద్రరావు, ఒప్పందం ప్రకారం ఆ లాభంపై పన్ను హక్కు ఫ్రాన్సుదేనని తీర్పు చెప్పారు. పాత లావాదేవీలపై ఆ సవరణ ప్రభావాన్ని 2021లో పార్లమెంటే తొలగించింది.

ఆ తీర్పు సరైనదేనా? పన్ను ఎగవేతకు అది దారి తీస్తుందా? ఇలాంటి ప్రశ్నలను తీరికగా, ఎవరి పక్షమూ వహించకుండా పరిశీలించడమే ఈ శాస్త్రం చెప్పే అధ్యాపకుల పని.

దారి పొడవైనదే. పి.యు.సి. లేదా ఇంటర్ తరువాత క్లాట్ రాసి, బెంగళూరు నేషనల్ లా స్కూల్లోనో, హైదరాబాదు నల్సార్‌లోనో అయిదేళ్ల న్యాయశాస్త్రం చదవవచ్చు. ఆపైన ఎల్.ఎల్.ఎం., నెట్ లేదా పిహెచ్.డి. ఈ ఒక్క విషయంలోనే ఎల్.ఎల్.ఎం. చెప్పే చోట్లు నెదర్లాండ్స్‌లో లైడెన్, ఆస్ట్రియాలో వియన్నా. మొత్తం పదేళ్ల మాట. కంపెనీలకు సలహాలిచ్చే వకీలు రాబడి అధ్యాపకుడికి ఉండదు. ఎకరం అమ్మి చదివించే ముందు ఈ సంగతి పిల్లలతో విప్పి మాట్లాడండి.

మన పిల్లలకు ఒక అనుకూలత మాత్రం ఉంది. కొన్ని ఒప్పందాలను రెండు మూడు భాషల్లో రాసి, అన్నీ సమాన ప్రామాణికమే అంటారు. ఒక భాషలోని మాట మరో భాషలో కాస్త పక్కకు జరిగితే కోట్ల రూపాయల తేడా రావచ్చు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పుస్తకంలో ఇంగ్లీషుగా పెరిగిన పిల్లలకు ఆ జరుగుడు పసిగట్టడం చిన్ననాటి నుంచే అలవాటు.