మంచుకొండలలో ఋతువులు, మృగములు, కెమెరా

కళాశాల వార్షికోత్సవమునాడు గ్రూపు ఫోటో తీయునప్పుడు ఛాయాగ్రాహకుడు మనలను వరుసలలో నిలిపి, "కదలవద్దు" అని హెచ్చరించును. ఆ మాట వినని వారిని చిత్రించుటయే వన్యమృగ ఛాయాచిత్రణము. అందులోను పదమూడు వేల అడుగుల ఎత్తున, మంచుకొండలలో ఆ పని మిక్కిలి కష్టము. అయినను అది కేవలము అదృష్టము కాదనియు, ఋతువులను చదువనేర్చిన వారికి పట్టుబడు విద్య యనియు మంచు చిరుతను ఉదాహరణగా గైకొని ఇచట వివరింపదలచితిమి.

మంచు చిరుతను ఉర్దూలో బర్ఫానీ చీతా అందురు. లదాఖు ప్రజలు షన్ అని పిలుతురు. పొగరంగు బొచ్చుపై నల్లని మచ్చలుండుటచే, రాళ్ల నడుమ కూర్చున్నచో ఎదుటనున్నను కంటికి ఆనదు. జార్జ్ షాలర్ అను జీవశాస్త్రజ్ఞుడు 1970లో చిత్రాల్ ప్రాంతమున తీసిన చిత్రములు 1971లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వెలువడినవి. స్వేచ్ఛగా సంచరించు మంచు చిరుతకు తీసిన తొలి చిత్రములుగా అవి ప్రసిద్ధి చెందినవి. 1973లో ఆ షాలరుతోనే నేపాలులోని డోల్పోకు వెళ్లిన రచయిత పీటర్ మాథిసన్ ఆ మృగమును చూడకయే తిరిగి వచ్చి, 1978లో దాని పేరుతోనే ఒక గ్రంథమును ప్రకటించెను.

మరి దానిని ఎప్పుడు వెదకవలెను? విచిత్రమేమనగా, మనుష్యునికి మిక్కిలి దుర్భరమైన కాలమే అందుకు అనువైనది. లదాఖులోని హెమిస్ జాతీయ వనములో శీతకాలపు రాత్రులు సున్నాకు దిగువన ఇరువది డిగ్రీల వరకు చల్లబడును. ఎగువ గడ్డి మంచుతో కప్పబడగా భరల్ అను కొండగొర్రెలు లోయలకు దిగివచ్చును. వాటి వెంట చిరుతయు దిగును. పైగా జనవరి మొదలు మార్చి వరకు దానికి జతకట్టు కాలము. కొండలు మారుమ్రోగునట్లు అరచును, బండలపై తన వాసనను విడుచును, మంచుపై అడుగుజాడలు నిలుపును.

వేసవి రాగానే దృశ్యము మారును. చిరుత ఎత్తులకు పోయి దుర్లభమగును. కాని శీతకాలమంతయు బొరియలలో నిద్రించిన మార్మట్లు వెలుపలికి వచ్చును, కొండగొర్రెలు ఈనును, చాంగ్‌తాంగ్ పీఠభూమి సరస్సుల చెంత నల్లమెడ కొంగలు గూళ్లు కట్టును. ఎండ ముదిరిన పిదప నేలనుండి లేచు వేడిగాలి దూరపు బొమ్మను అలలవలె కదల్చును. కావున ఉదయము, సాయంకాలము మాత్రమే చిత్రణకు తగును. శీతకాలారంభమున పోతుల పోరాటములతో కొండ మరల సందడించును.

ఇక సాంకేతిక విషయములు. కెమెరాలోని కాంతిమాపకము ప్రతి దృశ్యమును నడిమి బూడిదరంగుగా భావించును. అందుచే తెల్లని మంచు మసకగా పడును. ఒకటి లేక రెండు స్టాపులు అధికముగా కాంతి నిచ్చినగాని మంచు మంచువలె కనిపించదు. చలికి బ్యాటరీల శక్తి త్వరగా తగ్గును గనుక వాటిని చొక్కా లోపల ఉంచుకొనవలెను. మన వేసవిలో చల్లని నీటి గ్లాసు వెలుపల తేమ పట్టునట్లే, చలినుండి వెచ్చని గుడారములోనికి తెచ్చిన కటకముపైనను నీరు చేరును. అది క్రమముగా వెచ్చబడువరకు పాలిథీన్ సంచిలో బిగించి యుంచుట ఉత్తమము.

చలనచిత్రమునకు ఓర్పు మరింత అవసరము. ఏలయన అందు రూపమే గాక నడవడియు చూపవలెను. 2006లో బి.బి.సి. "ప్లానెట్ ఎర్త్"లో చూపిన మంచు చిరుత వేట అట్టి ఓర్పునకు ఫలము. మనిషి లేకుండనే, మృగము దాటగానే తనంత తాను బొమ్మ తీయు కెమెరా ట్రాపులు మరొక సాధనము. ఏ రెండు చిరుతల మచ్చలును ఒక్కతీరుగ నుండవు గనుక వాటిని లెక్కించుటకును ఇవియే ఆధారము. 2019-2023 నడుమ మన దేశమున 1,971 స్థలములలో కెమెరాలు అమర్చి జరిపిన గణనలో 718 మంచు చిరుతలున్నట్లు అంచనా వేసిరి. అందు 477 లదాఖులోనివే.

ఇచ్చట ఒక ధర్మసంకటము కలదు. ఏ కాలము చిత్రమునకు అనుకూలమో, ఆ కాలమే మృగమునకు ఆకలి కాలము. జనము గుమిగూడి దగ్గరకు పోయినచో అది కష్టించి సంపాదించిన ఆహారమును విడిచి పరుగెత్తును. ఆ పరుగుతో వ్యయమైన శక్తిని ఆ చలిలో మరల కూడగట్టుట సులభము కాదు. ఒక చక్కని బొమ్మ వెనుక ఒక పస్తు దాగియుండవచ్చును. గ్రామస్థుల బాధయు తక్కువది కాదు. చిరుత దొడ్డిలో చొరబడినచో ఒక్క రాత్రిలో పెక్కు గొర్రెలు చచ్చును. పూర్వము కోపముతో దానిని చంపెడివారు. నేడు పలు గ్రామములలో దొడ్లపై ఇనుప వల కప్పుచున్నారు. అతిథులకు తమ ఇండ్లలో బస యిచ్చి కొంత ఆదాయమును పొందుచున్నారు. దూరపు శిఖరముపై చిరుతను మొదట పసిగట్టునవియు పెక్కుసార్లు వారి కన్నులే.

కావున విద్యార్థి మిత్రులు గ్రహింపవలసిన దొక్కటే. గ్రూపు ఫోటోలో కదలకుండవలసిన వారము మనము. మంచుకొండపై కదలకుండవలసినవాడు ఛాయాగ్రాహకుడు.