ఆ వచ్చిందెవరు?

బండి చెడిపోయి నడిరోడ్డు మీద నిలబడితే ఎవరో ఆగుతారు. ఆసుపత్రి వరండాలో దిక్కుతోచక కూర్చుంటే ఎవరో పక్కకు చేరి 'ఏ గ్రూపు రక్తం కావాలి?' అని అడుగుతారు. పని కాగానే పేరైనా చెప్పకుండా వెళ్లిపోతారు. ఇంటికొచ్చాక మనం 'సమయానికి దేవుడిలా వచ్చాడు' అనుకుంటాం. ఈ మాట మన ఒక్కరిదే కాదు. దీని వెనక ఎన్నో మతాల నమ్మకాలున్నాయి, దేశదేశాల ఆచారాలున్నాయి, కొన్ని శాస్త్ర పరిశోధనలు కూడా ఉన్నాయి. వాటిలో కొన్ని విశేషాలివి.

చెప్పులు విప్పించిన ముత్తైదువ

తాళ్లపాక అన్నమాచార్యులు (1408-1503) చిన్నతనంలోనే ఇల్లు విడిచి యాత్రికుల వెంట తిరుమల బయలుదేరాడు. మోకాళ్ల పర్వతం దగ్గరికి వచ్చేసరికి ఆకలితో సోలిపోయి ఓ బండ మీద పడుకున్నాడు. ఎవరో పెద్దముత్తైదువ వచ్చి లేపింది. ఇది సాలగ్రామాల కొండ, చెప్పులతో ఎక్కకూడదని చెప్పి విప్పించింది. స్వామి ప్రసాదం తినిపించింది. ఆమె అలమేలుమంగమ్మేనని అన్నమయ్య మనవడు తాళ్లపాక చిన్నన్న 'అన్నమాచార్య చరిత్రము'లో రాశాడు. ఆ తర్వాత వేల సంకీర్తనలు చెప్పిన నోటికి ఆ కొండ మీద తొలి ముద్ద పెట్టింది ముక్కూమొహం తెలియని ఆడమనిషన్నమాట.

భక్తుడికి దొరకని దర్శనం

పాల్వంచ తహశీల్దారు కంచర్ల గోపన్న భద్రాచలంలో రాముడికి గుడి కట్టి, ఖజానా సొమ్ము వాడాడన్న నేరానికి గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడని కథ. చివరికి ఓ రాత్రి రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు యువకులు గోల్కొండ సుల్తాను తానీషా దగ్గరికి వచ్చి, బాకీ ఆరు లక్షలూ చెల్లించి, రశీదు రాయించుకుని వెళ్లారట. వాళ్లిచ్చిన నాణేలని చెప్పే 'రామమాడలు' భద్రాచలంలో ఇప్పటికీ చూపిస్తారు. ఈ కథలో ఒక తమాషా ఉంది. ఏళ్ల తరబడి రాముణ్ణి పిలిచింది గోపన్న, కళ్లారా చూసింది మాత్రం తానీషా! శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషా కాలంలోనే మొదలైందని ప్రతీతి.

పాచికలాడిన స్నేహితుడు

ఉత్తరాది నుంచి తిరుమల వచ్చి స్థిరపడిన ఓ బావాజీతో రోజూ రాత్రిపూట ఎవరో వచ్చి పాచికలాడేవాడట. ఒకరోజు హారం మరిచిపోయి వెళ్లాడు. తెల్లారి చూస్తే అది వేంకటేశ్వరస్వామి హారం. బావాజీ మీద దొంగతనం మోపారు. గదినిండా చెరకుగడలు వేసి, తెల్లారేలోగా తినేస్తే నిర్దోషివని ఒప్పుకుంటామన్నారు. రాత్రి ఓ ఏనుగు వచ్చి చెరకంతా తినేసిందని, అప్పటినుంచే ఆయనకు హాథీరామ్ అన్న పేరు నిలిచిందని కథ. నమ్మకం మాట ఎలా ఉన్నా, చరిత్ర మాట ఇది: 1843 నుంచి 1933లో తిరుమల తిరుపతి దేవస్థానం ఏర్పడేదాకా ఆలయ పాలన హాథీరామ్ మఠం మహంతుల చేతుల్లోనే ఉంది.

తద్దినం నాటి భిక్ష

తద్దినం రోజున భోక్తలు తినకముందు ఇంకెవరికీ వడ్డించకూడదని నియమం. పిఠాపురంలో సుమతీదేవి ఇంట సరిగ్గా ఆ వేళకే ఓ అవధూత భిక్షకు వచ్చాడు. ఆమె నియమం పక్కనపెట్టి అన్నం పెట్టింది. వచ్చినవాడు దత్తాత్రేయుడై ఏం కావాలని అడిగాడనీ, ఆ వరం వల్లే ఆమె కడుపున శ్రీపాద శ్రీవల్లభుడు పుట్టాడనీ మరాఠీ 'గురుచరిత్ర' చెబుతుంది. అందుకే దత్త భక్తులు గుమ్మంలో నిలబడ్డ బిచ్చగాణ్ణి కసురుకోవడానికి భయపడతారు.

నలభై ఎనిమిది రోజుల ఆకలి

భాగవతం నవమ స్కంధంలోని రంతిదేవుడు చక్రవర్తి. దానాలిచ్చి ఇచ్చి, కుటుంబంతో సహా 48 రోజులు మంచినీళ్లకు కూడా నోచుకోలేదు. నలభై తొమ్మిదో నాడు కాస్త ఆహారం, నీళ్లు దొరికాయి. తినబోతుండగా ఒకరి తర్వాత ఒకరు అతిథులొచ్చారు. మొదట బ్రాహ్మణుడు, తర్వాత శూద్రుడు, ఆపైన కుక్కల గుంపుతో మరొకడు. పాత్ర ఖాళీ అయింది. మిగిలిన గుక్కెడు నీళ్ల కోసం ఊరు దూరం పెట్టిన మనిషి వచ్చి నిలబడ్డాడు. రంతిదేవుడు వాటినీ ఇచ్చేశాడు. తనకు మోక్షం అక్కర్లేదు, ప్రాణుల బాధ తాను పడితే చాలన్నాడు. అప్పుడుగానీ త్రిమూర్తులు అసలు రూపంతో కనిపించలేదు. వచ్చినవాళ్ల కులం ఒక్కో మెట్టూ దిగుతూ రావడం కథకుడు కావాలని పెట్టిన పరీక్షే.

స్వామిని చూడకుండా తిరిగొచ్చిన తల్లి

పురాణం చాలు, మన కోనసీమలోకి వద్దాం. డొక్కా సీతమ్మ (1841-1909) మండపేటలో పుట్టింది. తండ్రి అనుపిండి భవానీశంకరం ఎవరొచ్చినా అన్నం పెట్టేవాడు. ఊళ్లో అందరికీ ఆయన 'బువ్వన్న'. లంకల గన్నవరం కాపురస్తుడు డొక్కా జోగన్న ఆ దారిన పోతూ ఆ ఇంట భోజనానికి ఆగాడు. తనకు వడ్డించిన సీతమ్మనే తర్వాత పెళ్లాడాడు. ఆ ఇల్లూ అన్నసత్రంలా మారిపోయింది. గోదావరి పాయలు దాటి అలసి వచ్చేవాళ్లకు వేళాపాళా లేకుండా సీతమ్మ వండి పెట్టేది.

ఎన్నాళ్లనుంచో అనుకుంటున్న అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి ఆమె ఒకసారి బయలుదేరింది. ఎదురొస్తున్న బాటసారుల గుంపులో పెద్దవాళ్లు ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని 'ఇంకాస్త ఓర్చుకోండి, సీతమ్మ గారిల్లు వచ్చేస్తోంది' అని సముదాయిస్తున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆమె అంతర్వేది ప్రయాణం ఆపేసి, వాళ్లకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి రాజేసింది. ఇప్పుడు గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదున్న అక్విడక్టుకు ఆమె పేరే. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే.

రైల్వే ప్లాట్‌ఫాం మీద పూరీలు

వివేకానందుడు పరివ్రాజకుడిగా తిరిగే రోజుల్లో ఉత్తరప్రదేశ్‌లోని తారీఘాట్ స్టేషన్లో దిగాడు. మండుటెండ. చేతిలో కానీ లేదు. తోటి ప్రయాణికుడైన ఓ వ్యాపారి నీడన కూర్చుని పూరీలు తింటూ, 'సంపాదించనివాడికి ఇంతే' అని ఎకసక్కెమాడాడు. ఇంతలో ఓ మిఠాయి కొట్టు మనిషి పూరీలు, నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మధ్యాహ్నం కునుకులో రాముడు కనిపించి, స్టేషన్లో సాధువు పస్తున్నాడని చెప్పాడట. కలేలెమ్మని మళ్లీ పడుకుంటే రాముడు మళ్లీ లేపాడట! వివేకానందుడి జీవితచరిత్రలో ఈ ఘట్టం ఉంది.

మావటిలోనూ నారాయణుడే

మరి ఎదురుపడిన ప్రతివాడినీ దేవుడనుకుని నమ్మేయాలా? వివేకానందుడి గురువు రామకృష్ణ పరమహంస దీనికో కథ చెప్పేవారు. సర్వమూ నారాయణుడేనని గురువు చెప్పగా విన్న శిష్యుడు, మదించిన ఏనుగుకు అడ్డంగా నిలబడి స్తోత్రం చదివాడు. మావటి 'తప్పుకో, తప్పుకో' అని అరుస్తున్నా కదల్లేదు. ఏనుగు తొండంతో విసిరేసింది. 'ఏనుగు నారాయణుడే గానీ, మావటి నారాయణుడి మాట ఎందుకు వినలేదు?' అన్నాడు గురువు. ఓటీపీ చెప్పమని ఫోన్‌చేసే అపరిచితుల కాలంలో ఈ కథ మరీ అవసరం.

తిన్నారా? తినలేదా?

మిట్టమధ్యాహ్నపు ఎండలో తన గుడారం ముందు నిలిచిన ముగ్గురు బాటసారులను అబ్రాహాము పరుగెత్తి ఆహ్వానించాడు. యూదులు, క్రైస్తవులు, ముస్లింలు ముగ్గురికీ ఈ కథ ఉంది. ఒకచోట తేడా ఉంది. బైబిల్ ఆదికాండంలో అతిథులు దూడమాంసం, పాలు, పెరుగు తిన్నారు. ఖురాన్‌లో వాళ్లు వేయించిన దూడమాంసం ముట్టనే లేదు. వచ్చినవాళ్లు మామూలు మనుషులు కారని ఇబ్రాహీంకు (అబ్రాహాముకు) అనుమానం తగిలింది అక్కడే.

పడవకు చిల్లు పెట్టిన పుణ్యాత్ముడు

ఖురాన్ 18వ సూరాలో మూసా ప్రవక్తకు ఓ అపరిచితుడు తోడవుతాడు. ఆయన్ను ముస్లిం సంప్రదాయం ఖిజ్ర్ అంటుంది. ఆయన పేదల పడవకు చిల్లు పెడతాడు. అన్యాయమని మూసా అడ్డుపడతాడు. ముందు ఓ రాజు మంచి పడవలన్నీ లాక్కుంటున్నాడని, పాడైన పడవ కాబట్టి ఇది వాళ్లకే దక్కుతుందని చివర్లో తెలుస్తుంది. ఈ ఉపఖండంలో ఖిజ్ర్‌ను నీళ్లకు రక్షకుడిగా కొలుస్తారు. బొమ్మల్లో ఆయన చేప మీద నిలబడి ఉంటాడు.

రొట్టె విరిచిన చేయి

యేసును శిలువ వేశాక ఇద్దరు శిష్యులు దిగులుగా ఎమ్మాయు అనే ఊరికి నడిచిపోతున్నారు. దారిలో ఒకాయన కలిసి మాట్లాడుతూ వచ్చాడు. పొద్దు వాలిందని వాళ్లే బలవంతంగా ఆపారు. భోజనం దగ్గర ఆయన రొట్టె విరిచినప్పుడు యేసని గుర్తుపట్టారు. ఆ క్షణంలోనే ఆయన మాయమయ్యాడు. లూకా సువార్త 24వ అధ్యాయంలోని ఈ కథను కరవాజియో వంటి చిత్రకారులు బొమ్మకట్టారు.

ఎదురుచూసే కుర్చీ, చప్పుడు చేయని కర్ర

యూదులు పస్కా పండుగ రాత్రి ఏలీయా ప్రవక్త కోసం ఓ గిన్నెలో ద్రాక్షారసం పోసి తలుపు తెరుస్తారు. పోలండులో క్రిస్మస్ ముందురాత్రి విందులో చెప్పాపెట్టకుండా వచ్చేవాళ్ల కోసం ఒక చోటు ఖాళీగా ఉంచుతారు.

జపాన్‌లోని షికొకు ద్వీపంలో 88 ఆలయాల యాత్ర దాదాపు 1,200 కిలోమీటర్లు. ఒంటరిగా నడిచేవారి టోపీ మీద కూడా 'ఇద్దరం కలిసి వెళ్తున్నాం' అని రాసి ఉంటుంది. రెండోవాడు బౌద్ధ గురువు కోబో దైషి (774-835). వంతెనల మీద యాత్రికులు చేతికర్ర తాటించరు. ఆయన ఒకప్పుడు వంతెన కింద తలదాచుకున్నాడు కాబట్టి, ఇప్పుడూ నిద్రపోతున్నాడేమోనని! ఊళ్లవాళ్లు యాత్రికులకు పండో, టీయో ఇచ్చి ఆయనకే ఇచ్చినట్టు భావిస్తారు.

ముగ్గురిలో నాలుగోవాడు

1916 మే నెలలో అంటార్కిటికా యాత్రికులు షాకిల్టన్, వర్స్లీ, క్రీన్ దక్షిణ జార్జియా ద్వీపపు మంచుకొండల్ని 36 గంటలపాటు ఆగకుండా దాటారు. తాము ముగ్గురం కాదు, నలుగురం అనిపించిందని షాకిల్టన్ తర్వాత రాశాడు. 1933లో ఎవరెస్ట్ మీద ఒంటరిగా ఉన్న ఫ్రాంక్ స్మైత్ మిఠాయి బిళ్లను విరిచి, పక్కన లేని మనిషికి సగం ఇవ్వబోయాడు. 2006లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఒక రోగి మెదడులో చెవి పైభాగానికి దగ్గరి చోటును విద్యుత్తుతో కదిలిస్తే, వెనక ఎవరో ఉన్నారని ఆమెకు అనిపించింది. ఆ తోడు ఎలా తోస్తుందో దీంతో కొంత తెలిసింది. ప్రాణాపాయంలో అది ధైర్యం చెప్పే తోడుగానే ఎందుకు తోస్తుందన్న ప్రశ్న భక్తులకు మిగిలే ఉంది.

నెలకో అద్భుతం

కేంబ్రిడ్జి గణితవేత్త జె.ఇ. లిటిల్‌వుడ్ పేరుతో ఓ సరదా లెక్క ఉంది. రోజుకు ఎనిమిది గంటలు మెలకువగా చుట్టూ గమనిస్తామనీ, సెకనుకో సంఘటన జరుగుతుందనీ అనుకుంటే, 35 రోజుల్లో పది లక్షలు దాటుతాయి. అంటే 'పది లక్షల్లో ఒక్కటి' అనే వింత అందరికీ సుమారు నెలకోసారి జరగాల్సిందే! భక్తుడు దీన్ని విని, నెలకోసారి దేవుడు పలకరిస్తాడన్నమాట అనుకున్నా లెక్క మారదు.

తొందరలో ఉన్నవాడికి దేవుడు కనిపించడు

1973లో ప్రచురితమైన ప్రిన్స్‌టన్ ప్రయోగం ఇది. మతగురువులు కాబోయే విద్యార్థులను ప్రసంగం కోసం పక్క భవనానికి పంపారు. దారిలో ఒకడు గుమ్మం దగ్గర కూలబడి దగ్గుతూ కనిపించేట్టు ఏర్పాటు చేశారు. తీరుబడిగా వెళ్లినవాళ్లలో 63 శాతం, ఓ మాదిరి తొందరలో ఉన్నవాళ్లలో 45 శాతం, ఆలస్యమైపోయిందని చెప్పి పంపినవాళ్లలో 10 శాతం మాత్రమే సాయం చేశారు. కొందరు మాట్లాడబోయే అంశం, దారిలో పడిన మనిషిని ఆదుకున్న మంచి సమరయుడి కథే. అయినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మనిషిని ఆపింది, కదిలించింది భక్తి కంటే గడియారమే.

చివరగా, చట్టం మాట

పై కథల్లో వచ్చినవాడు ఎవరో దాదాపు ఎప్పుడూ తర్వాతే తెలుస్తుంది. అన్నం పెట్టేటప్పుడు, ఆపి పలకరించేటప్పుడు తెలియదు. కాబట్టి ముందే తేల్చుకుని ఆగుదామంటే కుదరదు. రోడ్డు ప్రమాదం చూసినప్పుడు కేసుల్లో ఇరుక్కుంటామన్న భయంతో చాలామంది పక్కనుంచి వెళ్లిపోతారు. ఆ భయం ఇప్పుడు అక్కర్లేదు. సాయం చేసినవారికి రక్షణగా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. మీ పేరు చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు. ఆసుపత్రి మిమ్మల్ని ఆపి ఉంచకూడదు, మీ దగ్గర డబ్బు కట్టించుకోకూడదు. మన తెలుగునేల మీద 2005 ఆగస్టులో మొదలైన 108 అంబులెన్సుకు ఫోన్ చేయడానికి పైసా ఖర్చు లేదు. ఈసారి దారిలో ఎవరైనా పడి ఉంటే, దయచేసి ఆగండి.