చూచినవాడు చెప్పవలెను



వ్యాసభగవానుని భాగవతమును మన ఓరుగంటి సీమలోని బమ్మెర గ్రామమునకు చెందిన పోతన తెలుగున మరల చెప్పెను. దానిని చౌర్యమని ఎవ్వరును అనలేదు. మంచి కథను మరల చెప్పుట మన దేశమున దోషము కాదు. అయితే చెప్పువాడు ఆ కథకు ప్రాణమెక్కడ నున్నదో ఎరిగియుండవలెను. సినిమాలకును ఇదియే న్యాయము. పాత చిత్రమును క్రొత్తగా తీయుచున్నారను వార్త వినబడినప్పుడు మూలచిత్రమును ముందుగా ఇంకొకమారు చూచుట మేలు. ఇందుకు ‘జంజీర్’ అను హిందీ చిత్రమును ఉదాహరణముగా గ్రహింతము.

జంజీర్ అనగా సంకెల. ఇది ప్రకాశ్ మెహ్రా దర్శకత్వమున 1973లో వెలువడెను. కథ వ్రాసినవారు సలీం, జావేద్ అను ఇరువురు. అమితాబ్ బచ్చన్ కథానాయకుడుగా కీర్తి గడించినది దీనితోనే. ఇట్టివానిని మసాలా చిత్రములందురు. కూరలో ధనియాలు, మిరియాలు, లవంగములు కలిసినట్లు వీర రౌద్ర కరుణ హాస్య శృంగారములు ఒక్క కథలోనే కలిసియుండును. రసములెన్ని యున్నను ప్రధానమైనది ఒక్కటి యుండవలెనని మన లాక్షణికులు చెప్పిరి. ఈ చిత్రమున అది నాయకుని కోపమని లోకము తలచినది. నేను మరల చూచినప్పుడు మాత్రము ఇది సాక్షుల కథ యని తోచినది.

దీపావళినాటి రాత్రి ఒక బాలుని తలిదండ్రులను దుండగుడొకడు చంపును. బీరువాలో దాగిన బాలునికి హంతకుని ముఖము కనబడదు. వాని మణికట్టు గొలుసున వ్రేలాడు తెల్లగుర్రపు బొమ్మ మాత్రమే కనబడును. ఆ బాలుడే పెరిగి విజయ్ అను పోలీసు అధికారి యగును. ఆ గుర్రము వానిని కలలలో వెంటాడుచునే యుండును. అతడు మొదటి సాక్షి.

రెండవ సాక్షి మాలా. ఆమె వీథులలో కత్తులకు సానపట్టి బ్రతుకు పేదపిల్ల. దుండగుల లారీ పసిపిల్లలను త్రొక్కి పోవుట కన్నులార చూచియు, డబ్బు గ్రహించి నోరు మూసికొనును. విజయ్ ఆ పిల్లల శవములను చూపగా మనసు కరిగి నిజము చెప్పును. మూడవవాడు డిసిల్వా. విషపు సారా వలన కుమారులను కోల్పోయిన ఆ వృద్ధుడు పేరు చెప్పక, టెలిఫోనులో దుండగుల జాడలు తెలుపుచుండును. ఇక జూదమాడించు షేర్‌ఖాన్ విజయ్ శౌర్యమునకు మెచ్చి, ఆ వృత్తి మాని, రామునకు సుగ్రీవునివలె ప్రాణమిత్రుడగును. ఆ పాత్రను ప్రాణ్ ధరించెను.

ఈ కథనే 1974లో ఎస్.డి. లాల్ ‘నిప్పులాంటి మనిషి’ యను పేర తెలుగున తీసెను. నందమూరి తారకరామారావు నాయకుడు, కైకాల సత్యనారాయణ షేర్‌ఖాన్. అందలి స్నేహగీతము నేటికిని మనవారి నోళ్ల నాడుచున్నది. 2013లో హిందీయందు ‘జంజీర్’ గాను, తెలుగున ‘తుఫాన్’ గాను రామ్‌చరణ్ నాయకుడుగా మరల వెలువడెను. అది ప్రజల మెప్పు పొందలేదు. అందు దుండగుని వ్యాపారము చమురు దొంగతనముగా మారినది. కాలమునకు తగిన మార్పే. కాని మాలా విదేశమునుండి పెండ్లికి వచ్చిన సంపన్నురాలైనది. కూలి డబ్బుతో బ్రతుకు పిల్ల లంచము కాదని నిజము చెప్పుటలో నున్న బరువు, తిరిగి విమానమెక్కి పోగల అతిథి సాక్ష్యమునకు ఎట్లు వచ్చును? వేషము మార్చవచ్చును గాని ప్రాణము తీయరాదు.

విరోచన సుధన్వుల వివాదమును మీరెరుగుదురు. కుమారుని ప్రాణమే పణముగా నున్నను ప్రహ్లాదుడు సుధన్వుడే అధికుడని నిజము పలికెను. మన పల్లెలలో ఒకడు రాత్రివేళ పొలము గట్టు జరుపును. పదిమంది చూతురు. పంచాయతిలో అడిగినచో, మాకెందుకు లెమ్మందురు. నష్టపడినవాడు తుదకు కర్ర పట్టును. విజయ్ పిడికిలి బిగించుటకును కారణమిదియే. సాక్షి నోరు మూసికొన్నచోట పిడికిలి లేచును. అది శౌర్యమని పిల్లలు చప్పట్లు చరచెదరు. అది మన మౌనమునకు శిక్షయని పెద్దలమైన మనము వారికి చెప్పవలెను.

కావున ఈ చిత్రమును మనుమలతో కూర్చుండి చూడుడు. ముగిసిన పిదప వారిని ఒక్కమాట అడుగుడు: మాలా ఆ డబ్బు ఉంచుకొని ఊరకున్నచో ఏమి జరిగెడిది? వారి సమాధానము విని, మన ఊరి గట్టు తగవును గూర్చి మనమేమి చేసితిమో మనమును తలచుకొందము.