సైన్యం పిస్తోలు మార్చాలంటే...

యుద్ధంలో పిస్తోలుతో పని పడేది చాలా అరుదు. చేతిలో రైఫిల్ మొరాయించినప్పుడో, శత్రువు మీద పడినప్పుడో సైనికుడి చెయ్యి నడుము మీదికి పోతుంది. ఆ కొద్ది క్షణాల కోసం దేశాలు ఏళ్ల తరబడి పరీక్షలు పెడతాయి. ఒకసారి ఎంచుకున్నాక దశాబ్దాల పాటు వదలవు. ఆ నిర్ణయాల వెనక కొన్ని విశేషాలివి.

ఆపలేని తూటా

20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఫిలిప్పీన్స్‌లో మోరో యోధులతో తలపడిన అమెరికా సైనికులకు .38 రివాల్వర్ మీద నమ్మకం పోయింది. తూటా తగిలినా మోరోలు ఆగకుండా మీదికి వస్తున్నారని వాళ్లు మొరపెట్టుకున్నారు. పక్కన పడేసిన పాత .45 రివాల్వర్లను మళ్లీ తెప్పించుకోవాల్సి వచ్చింది. 1904లో సైనికాధికారి జాన్ థాంప్సన్, సైనిక వైద్యుడు లూయీ లగార్డ్ కలిసి మృతదేహాల మీద, చికాగో కబేళాలోని పశువుల మీద తూటాలను పరీక్షించారు. తూటా వ్యాసం .45 అంగుళానికి తగ్గకూడదని తేల్చారు.

6,000 సార్లు పేల్చినా...

1911 మార్చిలో జరిగిన తుది పోటీలో జాన్ బ్రౌనింగ్ రూపొందించిన కోల్ట్ పిస్తోలు 6,000 తూటాలు కాల్చినా ఒక్కసారీ మొరాయించలేదు. పోటీకి నిలిచిన సావేజ్ పిస్తోలు 37 సార్లు ఆగిపోయింది. అదే నెల 29న కోల్ట్‌ను ఎంపిక చేశారు. రెండు ప్రపంచ యుద్ధాలు, కొరియా, వియత్నాం దాటుకుని 1985 దాకా అమెరికా సైన్యానికి అదే అధికారిక పిస్తోలు.

గెలిచాక మళ్లీ పరీక్ష

నాటో దేశాలు 9 మి.మీ. తూటాకు మారడంతో అమెరికా కూడా మారక తప్పలేదు. పరీక్షల్లో ఇటలీ బెరెటా, సిగ్ రెండూ నెగ్గాయి. ధర తక్కువని 1985లో బెరెటాకు ఓటేశారు. కోల్ట్‌లోని 7 తూటాల మ్యాగజైన్ స్థానంలో 15 తూటాలది వచ్చింది. కొన్నాళ్లకే కొన్ని పిస్తోళ్ల స్లైడ్ (పైన ముందుకూ వెనక్కూ కదిలే లోహపు భాగం) విరిగి, కాల్చినవాళ్లకే గాయాలయ్యాయి. మళ్లీ పోటీ పెడితే మళ్లీ బెరెటాయే గెలిచింది. విరిగినా స్లైడ్ వెనక్కి ఎగరకుండా లోపలి భాగాన్ని మార్చారు.

కర్టెన్ రాడ్ల నుంచి తుపాకీకి

ఆస్ట్రియా సైన్యం పాత వాల్టర్ పి38ను మార్చాలనుకున్నప్పుడు గాస్టన్ గ్లాక్‌కు తుపాకుల తయారీలో అనుభవమే లేదు. ఆయన కంపెనీ కర్టెన్ రాడ్లు, కత్తులు చేసేది. అయినా ప్లాస్టిక్ చట్రంతో ఆయన చేసిన పిస్తోలే 1982లో నెగ్గింది. తరవాత 2013లో బ్రిటన్, 2020లో ఫ్రాన్స్ కూడా గ్లాక్‌కే మారాయి. ఫ్రాన్స్ కొన్నవి 74,596.

350 పేజీల షరతులు

బెరెటా స్థానంలో కొత్త పిస్తోలు కోసం అమెరికా సైన్యం రాసుకున్న షరతులు 350 పేజీలు దాటాయి. పరీక్షలకే 2 ఏళ్లు, 1.7 కోట్ల డాలర్లు పడుతుందంటే అప్పటి సైన్యాధిపతి జనరల్ మార్క్ మిల్లీ 2016లో బహిరంగంగానే మండిపడ్డారు. 2017 జనవరిలో సిగ్ సావర్ పి320ని ఎంచుకున్నారు. గ్లాక్ చేసిన ఫిర్యాదు నిలవలేదు. చిన్న చేతులకూ పెద్ద చేతులకూ సరిపోయేలా పి320 పిడి భాగాన్ని మార్చుకోవచ్చు.

మన దగ్గర

పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే మన సైన్యపు 9 మి.మీ. పిస్తోలుకు మూలం కెనడాలో ఇంగ్లిస్ కంపెనీ తయారుచేసిన బ్రౌనింగ్ హైపవర్. డీఆర్‌డీవో, సైన్యం కలిసి రూపొందించిన 'అస్మి' మెషిన్ పిస్తోలు 2021లో వెలుగులోకి వచ్చింది. 2024లో ఉత్తర కమాండ్‌కు చేరిన 550 అస్మిలను తయారుచేసింది హైదరాబాద్‌లోని లోకేశ్ మెషీన్స్.

పరీక్షలో తప్పు దొర్లితే దాని మూల్యం సైనికుడే చెల్లిస్తాడని మోరో యుద్ధం, విరిగిన స్లైడ్లు చెబుతున్నాయి. షరతుల కాగితాలు తగ్గించినా నష్టం లేదు. కాల్చి చూసే పరీక్షలు మాత్రం ఒక్కటీ తగ్గించకూడదు.