లేజర్ గాగుల్స్ మీ కళ్లను నిజంగా కాపాడతాయా? కొనేముందు, వాడేముందు ఇలా చెక్ చేసుకోండి

ఇంట్లో పెట్టుకునే లేజర్ ఎన్‌గ్రేవర్లు ఇప్పుడు ఫోన్ ధరకే వచ్చేస్తున్నాయి. వాటితో పాటు బాక్సులో ఒక ఆకుపచ్చ కళ్లజోడో, ఆరెంజ్ కళ్లజోడో ఫ్రీగా ఇస్తారు. చాలామంది అది పెట్టేసుకుని పని మొదలుపెడతారు. నేను కూడా 10 వాట్ల నీలి డయోడ్ మెషిన్ వాడుతున్నాను. నాకు దానితో వచ్చిన జోడు మీద ఒక్క అంకె కూడా లేదు. కనుక మెషిన్ ఆన్ చేయకముందే ఈ విషయం మొత్తం చదివి, ఏది చూడాలో ఏది నమ్మకూడదో లిస్టు రాసుకున్నాను. అదే ఇక్కడ మీకోసం.

ముందు ప్రమాదం ఎంతో తెలియాలి. లేజర్ కిరణం కంట్లోకి వెళ్తే కంటి లెన్స్ దాన్ని రెటీనా మీద చిన్న చుక్కగా ఫోకస్ చేస్తుంది. అంటే కనుపాప దగ్గర ఉన్న తీవ్రత రెటీనా దగ్గర దాదాపు లక్ష రెట్లు అవుతుంది. మనం కన్ను మూయడానికి పావు సెకను పడుతుంది. 1 మిల్లీవాట్ లోపు పాయింటర్లకు ఆ పావు సెకను సరిపోతుంది. 500 మిల్లీవాట్లు దాటితే అది క్లాస్ 4, అక్కడ రెప్ప వేసేలోపే నష్టం జరిగిపోతుంది. రెటీనాకి నొప్పి తెలియదు, కాలిన భాగం మళ్లీ పెరగదు.

మొదట చూడాల్సింది వేవ్‌లెంగ్త్. గాగుల్స్ అన్ని లేజర్లనూ ఆపవు, వాటి మీద రాసిన రేంజ్‌నే ఆపుతాయి. నీలి డయోడ్ మెషిన్లు సుమారు 445 నుంచి 455 నానోమీటర్ల మధ్య పనిచేస్తాయి. ఫైబర్ లేజర్ 1064, కార్బన్ డయాక్సైడ్ లేజర్ 10,600. ఈ చివరిదాన్ని పారదర్శకంగా ఉండే పాలీకార్బనేట్ కూడా ఆపగలదు, కానీ అదే అద్దం నీలి లేజర్‌ని హాయిగా లోపలికి వదిలేస్తుంది. రంగు చూసి కూడా నమ్మొద్దు. ఆరెంజ్ అద్దం నీలాన్ని ఆపుతున్నట్టు కంటికి కనిపిస్తుంది, ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపుతుందో లేదో కంటితో చెప్పలేం. చవక ఆకుపచ్చ పాయింటర్లలో 532తో పాటు కనిపించని 808, 1064 కూడా లీక్ అవ్వొచ్చు, అది గుర్తుంచుకోండి.

రెండోది ఓడీ, అంటే ఆప్టికల్ డెన్సిటీ. లెక్క చాలా సింపుల్. ఓడీ 1 అంటే పదో వంతు మాత్రమే దాటుతుంది, ఓడీ 2 అంటే నూరో వంతు, ఓడీ 4 అంటే పదివేలో వంతు. నా మెషిన్ 10 వాట్లు, అంటే 10,000 మిల్లీవాట్లు. ఓడీ 4 పెడితే కంటికి చేరేది 1 మిల్లీవాట్, అది సరిగ్గా గీత మీద నిలబడ్డట్టు. ఓడీ 5 అయితే 0.1 మిల్లీవాట్. అందుకే నా పవర్‌కి ఓడీ 5 కంటే తక్కువ ఉన్నదాన్ని నేను చూడను. మీ మెషిన్‌కి ఈ లెక్క వేసేటప్పుడు బాక్సు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లు తీసుకోకండి. చాలాసార్లు అది కరెంటు లాగే పవర్. మీకు కావాల్సింది ఆప్టికల్ అవుట్‌పుట్.

మూడోది ముద్ర. యూరప్ ప్రమాణం ఈఎన్ 207 ప్రకారం టెస్ట్ చేసిన జోడు మీద వేవ్‌లెంగ్త్ రేంజ్, ఆ పక్కన డీ లాంటి అక్షరం, తర్వాత ఎల్‌బీ5 లాంటి నంబర్ ఉంటాయి. డీ అంటే ఆగకుండా వెలిగే లేజర్. ఎల్‌బీ5 అంటే కనీసం ఓడీ 5, పైగా నేరుగా కిరణం పడినా అద్దం, ఫ్రేము 5 సెకన్లు తట్టుకోవాలి. అమెరికా పద్ధతి జోళ్ల మీద వేవ్‌లెంగ్త్, ఓడీ రాస్తారు. ఏ అంకె లేకుండా ఒట్టి సీఈ గుర్తు మాత్రమే ఉంటే అది నాకు ఏమీ చెప్పనట్టే.

మరి ఇంట్లో టెస్ట్ చేయొచ్చా? కొంతవరకు. 1 మిల్లీవాట్ లోపు ఉన్న, అదే రంగు పాయింటర్‌ని జోడు అద్దం గుండా తెల్ల కాగితం మీదకు కొట్టండి. జోడు టేబుల్ మీద ఉండాలి, ముఖానికి కాదు. గది మామూలు వెలుతురులో కూడా చుక్క స్పష్టంగా కనిపిస్తే ఆ జోడు పక్కన పడేయండి. నా ఫ్రీ జోడు ఇక్కడే ఫెయిల్ అయింది. కానీ చుక్క కనిపించకపోతే పాస్ అని అనుకోవద్దు. అంత తక్కువ పవర్‌తో ఓడీ 3కీ ఓడీ 6కీ కంటికి తేడా తెలియదు. అంటే ఈ టెస్ట్ చెడ్డదాన్ని తీసేయడానికే, మంచిదని సర్టిఫికెట్ ఇవ్వడానికి కాదు. ఇన్‌ఫ్రారెడ్‌కి ఇది అసలు పనికిరాదు. కచ్చితంగా తెలియాలంటే లేజర్ పవర్ మీటర్‌తో కొలవాలి.

ఈ టెస్ట్‌కి ఎన్‌గ్రేవర్‌నే 1 శాతం పవర్‌లో పెట్టి వాడదామని చాలామందికి ఆలోచన వస్తుంది. వద్దు. చాలా డయోడ్ మెషిన్లలో 1 శాతం అంటే లేజర్ పూర్తి పవర్‌తోనే వేగంగా వెలిగి ఆరిపోతూ ఉండటం. ఫర్మ్‌వేర్ ఒక్కసారి తప్పితే మొత్తం 10 వాట్లు బయటికొస్తాయి. రోజూ కోడ్ రాసేవాడిగా చెప్తున్నాను, కోడ్ మీద నా కన్ను పందెం కాయను.

చివరిగా, మంచి జోడు దొరికినా అది ఆఖరి రక్షణే. ముందు మెషిన్ చుట్టూ డబ్బా ఉండాలి. దాని కిటికీకి కూడా ఇదే వేవ్‌లెంగ్త్, ఇదే ఓడీ లెక్క వర్తిస్తుంది. మెరిసే స్టీల్, అద్దం మీద పని చేస్తే కిరణం ఎటు తిరుగుతుందో చెప్పలేం. పవర్ గ్లాసులు ఉన్నవాళ్లు వాటి పైన పట్టే మోడల్ తీసుకోండి, పక్కల సందులు ఉంటే లాభం లేదు. అద్దం మీద లోతైన గీత, పగులు, రంగు వెలిసిన మచ్చ కనిపిస్తే మార్చేయండి. గదిలోకి వచ్చే ఇంట్లోవాళ్లకీ, పిల్లలకీ కూడా కళ్లు ఉన్నాయి. ఇంకో జోడు కొనండి, లేదా లేజర్ వెలిగినంతసేపూ తలుపు వేసి ఉంచండి.