ఒకే కప్పు క్రింద ఇద్దరు
(ప్రసంగ పాఠము)

నాయికా నాయకులు తొలిచూపులోనే ప్రేమించుకొనుట కథలలో ప్రాచీన సంప్రదాయము. తొలిచూపులోనే ఒకరికొకరు గిట్టకపోవుటయు అంత ప్రాచీనమే. షేక్స్పియరు నాటకము ‘మచ్ ఎడో ఎబౌట్ నథింగ్’ 1600లో అచ్చయినది. అందు బియాట్రిస్, బెనెడిక్ అనువారు మాటకు మాట అప్పగించుకొనుచునే ప్రేమలో పడుదురు. 1813లో వెలువడిన జేన్ ఆస్టిన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో ఎలిజబెత్, డార్సీల కథయు ఇట్టిదే. ఈనాటి ఆంగ్ల ప్రణయ నవల ఈ పాత కథకు క్రొత్త రంగస్థలము నొకదానిని చూపినది. అది ఇద్దరు అపరిచితులు పంచుకొను ఇల్లు.

ఇందుకు చక్కని ఉదాహరణము ‘అండర్ వన్ రూఫ్’ అను చిన్న నవల. ఆలీ హేజల్‌వుడ్ అను కలము పేరుగల రచయిత్రి దీనిని 2022లో వెలువరించినది. ఆమె ఇటలీలో పుట్టి, అమెరికాలో నాడీశాస్త్రమున డాక్టరేటు పొందిన విదుషి. అందుచేతనే కాబోలు, ఆమె నాయికలలో పలువురు విజ్ఞానశాస్త్రజ్ఞులు.

ఈ కథలో మారా పర్యావరణ ఇంజనీరు. ఆమె గురువు హెలీనా మరణించుచు, వాషింగ్టన్ నగరమందలి ఇంటిలో శిష్యురాలికి వాటా వ్రాసి పోయినది. మారా అచటికి చేరునప్పటికే హెలీనా మేనల్లుడు లియామ్ ఆ యింట స్థిరపడి యున్నాడు. మితభాషి, ముఖమున చిరునవ్వు అరుదు. పైగా చమురు కంపెనీకి న్యాయవాది. గాలిని, నీటిని కాపాడుట ఆమె వృత్తి. చమురు వ్యాపారము తరపున వాదించుట అతని వృత్తి. ఇక పొందిక యెట్లు కుదురును?

ఇట్టి కథ నడచు తీరు గమనింపదగినది. మొదట, ఇద్దరిలో ఎవరును ఇల్లు విడిచి పోలేని కారణము కావలెను. కోపము వచ్చినవాడు తలుపు తీసికొని పోయినచో కథ అక్కడనే ముగియును. మారాను కట్టిపడవేసినది వారసత్వము. బెత్ ఓలియరీ 2019లో ప్రచురించిన ‘ది ఫ్లాట్‌షేర్’ అను నవలలో ఆ పని డబ్బు ఇబ్బంది చేయును. అందు రాత్రి విధులు చేయు నర్సు ఒకడు, సోదరుని కోర్టు వ్యవహారమునకు సొమ్ము చాలక, తన ఇంటిని రాత్రివేళ ఒక యువతికి అద్దెకిచ్చును. అచట వైరము లేదు కాని, అవసరము మనుష్యులను ఒక గూటికి చేర్చు విధము ఇదియే.

రెండవది, తగవులు చిన్నవి కావలెను. మారాకును లియామ్‌కును ఇంటిలోని వేడిని సరిచేయు థర్మోస్టాట్ దగ్గర తగవు. ఒకరి ఆహారము మరొకరు తినుట దగ్గర తగవు. చమురు మేలా, గాలి మేలా అను వాదము ఒక సాయంకాలములో తెమలదు. థర్మోస్టాట్ తగవు తెమలును. అది తెమలిన తీరులో మనిషి గుణము బయటపడును.

మూడవది, కథ చెప్పువారెవరు? ఇచట మారాయే చెప్పుచున్నది. కావున మొదట మనకు కనబడు లియామ్, ఆమె కోపములోనుండి కనబడు లియామ్ మాత్రమే. ఆమె అభిప్రాయము మారినకొలది మన అభిప్రాయమును మారును. చదువరికి కలుగు ఆనందములో పెద్దపాలు ఇదియే.

ఈ పద్ధతి తెలుగువారికి క్రొత్త కాదు. ఎల్. వి. ప్రసాద్ దర్శకత్వమున 1955లో విడుదలయిన ‘మిస్సమ్మ’ చిత్రములో, ఉద్యోగము లేని యువతీయువకులు బడిపంతుళ్ల ఉద్యోగము కొఱకు భార్యాభర్తలుగా నటించుచు ఒకే యింట కాపురముందురు. ఆ చిరాకులు, ఆ అలకలు మన ప్రేక్షకులు మరువలేదు.

ఇట్టి నవలలను యువతీయువకులు మక్కువతో చదువుచున్నారు. కనుక ఒక సందేహమునకు సమాధానము చెప్పవలసి యున్నది. కటువుగా మాటలాడువాడు లోలోపల ప్రేమించుచున్నాడని ఇవి నేర్పుచున్నవా? అట్లు నేర్పునవియు లేకపోలేదు. మేలిరకమును గుర్తించుటకు రెండు ప్రశ్నలు చాలును. ఇద్దరికిని సమానమైన నిలుకడ కలదా? వైరము నడుమ ఒకరు మరొకరిని భయపెట్టుచున్నారా?

మారా ఆ యింట ఆశ్రితురాలు కాదు, హక్కుదారు. ‘మిస్సమ్మ’లో ఇద్దరి బ్రతుకుతెరువును ఒకే రహస్యము మీద ఆధారపడి యున్నది. ఇట్టి సమానత ఉన్నచోట తగవు తగవుగానే నిలుచును, దౌర్జన్యము కాదు. అది లేనిచో, చివరి పుటలోని పెండ్లి మాట మొదటి పుటలోని అవమానమును కడుగజాలదు.

నిజమునకు ఈ కథలలో ద్వేషము ప్రేమగా మారుట లేదు. తెలియక ఏర్పరచుకొన్న అభిప్రాయము చెరగి, దాని చోట పరిచయము నిలుచుచున్నది. నగరములలో అపరిచితులు ఒకే గదిని, ఒకే వంటింటిని పంచుకొనుట నేడు సామాన్యమైనది. అట్టివారందరు ప్రేమికులు కానక్కరలేదు. పొరుగువాని మీద తొందరపడి ఇచ్చిన తీర్పును మరల విచారింపవచ్చునని తెలిసికొన్నచో, నవల తన పని తాను చేసినట్లే.