బూజు చేసిన మేలు



ఊరగాయ జాడీలో తెల్లని బూజు కన్పడినంతనే గృహిణి మనసు చివుక్కుమనును. బెల్లమునకు పేరువడసిన అనకాపల్లిలో వానకాలపు చెమ్మ తగిలిన దిమ్మలకును ఈ బెడద తప్పదు. మనమింతగా రోయు ఈ బూజు జాతియే మన బిడ్డలను బ్రతికించు కొన్ని మందులకు తల్లియనిన వింతగా తోచును. అందొక మందు సముద్రపు నీటినుండి లభించినది. దాని కథ ప్రతి తల్లియు నెఱుంగదగినది.

బూజును శాస్త్రజ్ఞులు శిలీంధ్రమందురు. శిలీంధ్రములు నేలపైననే గాక సముద్రమందును గలవు. ఉప్పునీట నానిన కొయ్యదుంగలు, నాచు, మడచెట్ల వేళ్లు వీని నెలవులు. అచ్చట ఆహారముకొఱకు వీనికిని, కంటికగపడని సూక్ష్మజీవులకును ఎడతెగని పోటీ జరుగుచుండును. ఆ పోటీలో కొన్ని శిలీంధ్రములు శత్రువును చంపు రసములను స్రవించును. ఆ రసమునందలి సారమును వేఱుచేసి, మనుష్యునికి హాని లేకుండ రోగక్రిములను మాత్రము చంపునట్లు సవరించినచో అదియే ఔషధమగును.

ఇటలీకి చేరిన సార్డీనియా ద్వీపమున కాల్యరి యను నగరము గలదు. 1945వ సంవత్సరమున అచ్చటి వైద్యుడు జుసెప్పె బ్రోట్సు, ఊరి మురుగుకాలువ సముద్రమున గలియు తావున నీరు తనంతట తాను శుభ్రపడుచుండుట గమనించెను. నాటికి పెనిసిలిన్ వాడుకలోనికి వచ్చియుండినను టైఫాయిడు జ్వరమునకు అక్కఱకు రాకుండెను. బ్రోట్సు ఆ నీటినుండి యొక శిలీంధ్రమును తీసి పెంచి, దాని రసము టైఫాయిడు క్రిములను అణచుచుండుట కనుగొని, రోగులకిచ్చి చూచి, 1948లో ఆ సంగతి ప్రకటించెను. పిమ్మట ఆ శిలీంధ్రము ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చేరినది. అచ్చట ఎడ్వర్డు అబ్రహాము, గై న్యూటను అనువారు 1953లో దానినుండి సెఫలోస్పోరిన్-సి యను పదార్థమును కనుగొనిరి. ఆ పదార్థపు అణువు కూర్పును ఎక్సురే కిరణముల సాయమున 1961లో తేల్చినవారిలో ముఖ్యురాలు డొరొతీ హాడ్జికిన్. ఆమె ముగ్గురు బిడ్డల తల్లి. కీళ్లవాతముచే వ్రేళ్లు వంకరపోయినను పని మానక, పెనిసిలిన్ మున్నగువాని కూర్పును తేల్చినందులకు 1964లో నోబెల్ బహుమానము నందెను. ఆ యేడే ఈ జాతి మందులలో మొదటిది అమ్మకమునకు వచ్చినది. సముద్రపు నీరు సూదిమందగుటకు 19 సంవత్సరములు పట్టినదన్నమాట!

నేడు మన మందుల దుకాణములందు దొరకు సెఫిక్సైమ్ మాత్రలు, ఆసుపత్రులలోని సెఫ్‌ట్రియాక్సోన్ సూదిమందు ఈ కుటుంబమునకు చెందినవే. టైఫాయిడు వచ్చిన బిడ్డకు వైద్యులు తఱచుగా ఇచ్చునవి ఇవియే.

కాని ఈ ధనము తఱుగుచున్నది. 2016లో పాకిస్థానమునందలి సింధు రాష్ట్రమున సెఫ్‌ట్రియాక్సోనుకు లొంగని టైఫాయిడు పుట్టి వేలమందికి సోకినది. మందును అక్కఱలేనిచోట వాడినను, అరకొరగా వాడినను, చావక మిగిలిన క్రిములు దానికి లొంగని సంతతిని పెంచుకొనును. అందుచేతనే శాస్త్రజ్ఞులు క్రొత్త మందులకై మరల సముద్రమును వెదకుచున్నారు. గోదావరీ కృష్ణా ముఖములందలి మడ అడవుల శిలీంధ్రములను గూడ పరిశోధకులు సేకరించి వివరించియున్నారు. బహామా దీవుల నాచుపై దొరకిన యొక శిలీంధ్రపు సారమును అనుసరించి చేసిన ప్లినాబ్యులిన్ అను మందు క్యాన్సరు రోగులపై పరీక్షింపబడినది. ఇంకను రుజువులు కావలయునని 2021లో అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ దానికి అనుమతి నిరాకరించెను. కనుగొనుటకును, రోగి చేతికి అందుటకును నడుమ ఎంతటి దూరమో చూడుడు!

2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో పూడిమడక వంటి సముద్రతీర గ్రామములును గలవు. పరవాడలో మందుల కర్మాగారములును గలవు. కాని కర్మాగారము కనుగొన్న మందును చేయగలదే గాని కనుగొననిదానిని చేయజాలదు. క్రొత్తది వచ్చువఱకు ఉన్నదానిని కాపాడుకొనుట మన పని. అది సగము ఇంటిలోనే జరుగవలసినది.

జ్వరము రెండవనాటికే తగ్గినదని మాత్రలు మానింపవలదు. వైద్యుడు చెప్పినన్ని దినములును ఇయ్యవలయును. మిగిలిన మాత్రలను మఱొక బిడ్డకు దాచవలదు. జలుబునకు ఈ మందులు పనిచేయవు. పాత చీటితో వానిని కొని తెప్పింపవలదు. త్రాగునీటిని కాచి చల్లార్చుట, వంటకు ముందు చేతులు కడుగుకొనుట మఱువకుడు. రాని జ్వరమునకు మందుతో పని లేదు గదా!